పట్టెడు పిండి, పుట్టెడు పిండి

గ్రూపులో అందరికీ నమస్కారం. 'పట్టెడు' అనే మాట గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది గుంటూరు. పదిహేనేళ్లుగా మా చర్చిలో సండే స్కూల్ పిల్లలకు కథలు చెబుతున్నాను. మొన్నటి పాఠం ఏలీయా ప్రవక్త, సారెపతు అనే ఊరి విధవరాలు. బైబిల్లో మొదటి రాజులు 17వ అధ్యాయం. దేశమంతా కరవు. ఏలీయా ఆ ఊరి గవిని (ద్వారం) దగ్గరికి వచ్చేసరికి ఆమె పుల్లలు ఏరుకుంటోంది. తాగడానికి నీళ్లు అడిగాడు. ఆమె తేబోతుంటే మళ్లీ పిలిచి రొట్టెముక్క కూడా అడిగాడు. అప్పుడామె అన్న మాట ఇది: "తొట్టిలో పట్టెడు పిండియు బుడ్డిలో కొంచెము నూనెయు నాయొద్దనున్నవే గాని అప్పమొకటైన లేదు." అది తనూ కొడుకూ తినేస్తే ఇక చావే అంది. ముందు నాకో చిన్న అప్పం చేసిపెట్టమన్నాడు ఏలీయా. ఆమె అలాగే చేసింది.

"పట్టెడు అంటే ఎంతరా?" అని అడిగాను. ఒక బాబు టక్కున "ప్లేటు నిండా టీచర్" అన్నాడు. మిగతావాళ్లూ తలూపారు. తప్పు వాళ్లది కాదు. ఆ మాట వాళ్ల చెవిన పడేది 'పట్టెడన్నం' అన్నప్పుడే, అన్నం కనిపించేది ప్లేటులోనే.

మరుసటి ఆదివారం డబ్బాలో బియ్యప్పిండి పట్టుకెళ్లాను. ఒక్కొక్కరినీ పిలిచి, చెయ్యి పెట్టి పట్టినంత తీసుకోమన్నాను. గట్టిగా పట్టిన కొద్దీ వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. ఒక పాప జాగ్రత్తగా గుప్పిలి విప్పింది. అరచేతిలో చిన్న ముద్ద, దాని మీద నాలుగు వేళ్ల అచ్చు. "ఇంతేనా టీచర్? ముగ్గురికా?" అంది. నేను చెప్పాల్సిన పాఠం సగం అక్కడే అయిపోయింది. ఇంటికొచ్చి నా చేతి పట్టెడు కూడా తూచి చూశాను. నలభై గ్రాములు. ఒక చపాతీ అవుతుంది, రెండోదానికి చాలదు.

ఇక మాట సంగతి. పట్టు, దానికి 'ఎడు' చేరి పట్టెడు. చెయ్యి పట్టినంత. మన కొలతల్లో ఈ 'ఎడు' ఎంత చక్కగా ఇమిడిపోతుందో చూడండి. పిడికిలికి పిడికెడు, గుప్పిలికి గుప్పెడు, దోసిలికి దోసెడు, జానకు జానెడు, మూరకు మూరెడు, గంపకు గంపెడు. గ్లాసు వచ్చాక గ్లాసెడు నీళ్లు కూడా అంటున్నాం. అయితే ఇవన్నీ ఒకదాని బదులు ఒకటి వాడే మాటలు కావు. పిడికెడు మట్టి అంటాం, పట్టెడు మట్టి అనం. చేరెడేసి కళ్లు అంటాం, పట్టెడేసి కళ్లు అనం. పట్టెడు అన్నం, పట్టెడు మెతుకులు అంటాం. నాకు తెలిసినంతలో పట్టెడు ఆకలి ఉన్నచోటే పలుకుతుంది. ఈ వాక్యాన్ని తెలుగు చేసినవారు పిడికెడు అనో కొంచెము అనో రాసి వదిలేయొచ్చు. పట్టెడు అన్నారు. ఆ ఒక్క మాటతో ఆమె మన వీధిలో మనిషి అయిపోయింది.

హీబ్రూ చదువుకున్న ఒక అయ్యగారిని అడిగితే, అక్కడున్న మాట 'కఫ్', అంటే అరచేయి అన్నారు. 'అరచేతి నిండుగా పిండి' అని మూలం. ఇదే మాట ప్రసంగి 4:6లోనూ ఉందట. అక్కడ మన బైబిల్ "ఒక చేతినిండ నెమ్మది" అంటుంది. అదే వచనంలో శ్రమ మాత్రం "రెండు చేతులనిండ". చేరెడు నెమ్మది, దోసెడు శ్రమ అని నేను నా నోట్సులో రాసుకున్నాను.

తొట్టి సంగతి కూడా చెప్పాలి. తొట్టి అనగానే పిల్లలు గేదెలకు కుడితి పెట్టే సిమెంటు తొట్టి అనుకున్నారు. మూలంలో 'కద్' అట, మట్టి పాత్ర. బైబిల్లోనే ఇంకోచోట రిబ్కా నీళ్లకని భుజం మీద పెట్టుకొచ్చింది కద్‌నే, మనకది కడవ. యుద్ధానికెళ్లిన గిద్యోను మనుషులు దివిటీలు దాచుకున్నదీ కద్‌లోనే, అది కుండ. ఒక్క మాటకు మూడు చోట్ల మూడు తెలుగు పేర్లు. ఇక్కడ కుండ అని ఉంటే పిల్లలకు ఇంకా తేలిగ్గా అందేదని నా అభిప్రాయం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ప్రార్థన కూటాల్లో ఈ కథ మీద ఒక మాట తరచూ వింటున్నాను. "దేవునికి పట్టెడు ఇవ్వండి, పుట్టెడు ఇస్తాడు." ప్రాస బాగుంది, చప్పట్లు కొడతారు. పుట్టి అంటే ఇరవై తూములు. పల్లెలో పుట్టి వడ్లు చూసినవాళ్లకు ఆ మాట బరువు తెలుసు. కానీ కథలో పుట్టెడు ఎక్కడుంది? ఏలీయా చెప్పింది "తొట్టిలో ఉన్న పిండి తక్కువ కాదు, బుడ్డిలో నూనె అయిపోదు" అని. జరిగిందీ అంతే. తక్కువ కాలేదు, అయిపోలేదు. రెండూ 'లేదు' అనే మాటలే. నిండింది, పొంగింది, మిగిలింది అని ఒక్కచోటా లేదు. పాత్రలన్నీ నిండిన కథ వేరే ఉంది, రెండో రాజులు 4వ అధ్యాయంలో. అది ఏలీయా తర్వాతి ప్రవక్త ఎలీషా కాలం, వేరే విధవరాలు. ఇరుగుపొరుగు దగ్గర వట్టి పాత్రలు అరువు తెచ్చుకుని, వాటినిండా నూనె పోసి, అమ్మి అప్పు తీర్చుకుంది. ఏలీయా, ఎలీషా పేర్లు దగ్గరగా ఉండేసరికి రెండు కథలూ కలిసిపోతున్నాయి.

నాకు నిజంగా బాధ కలిగించేది ఇది. పుట్టెడు వస్తుందని విన్న తల్లి ఇంట్లో ఉన్నది కాస్తా ఇచ్చేసి ఎదురుచూస్తుంది. రాకపోతే తన విశ్వాసమే చాలలేదనుకుంటుంది. ఆ బరువు ఆమె మీద వాక్యం పెట్టలేదు, ప్రాస పెట్టింది.

మా స్త్రీల సమాజంలో ఈ మాటే చెప్పాను. మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకామె ఉంది. కూటం అయ్యాక నా దగ్గరికొచ్చి, "అమ్మా, నిండిందని చెప్తే అది నా కథ కాదులే అనుకునేదాన్ని. అయిపోలేదంటే మాత్రం అది మా ఇల్లే. పొద్దున డబ్బా అడుగు కనిపిస్తది, రాత్రికి ఎట్టోకట్ట పిల్లలు తిని పడుకుంటారు" అంది. ఆమె వేళ్లకు ఇంకా మిరప ఘాటు ఉంది. నా చెయ్యి పట్టుకుంటే నాకూ చురుక్కుమంది.

చేర్పు: జవాబులు రాసినవారికి కృతజ్ఞతలు. అరచేయి నిండుగా అంటే చేరెడు సరైన మాట కదా అని విజయవాడ నుంచి ఒక మాస్టారు అడిగారు. కొలత ప్రకారం మీరు చెప్పిందే దగ్గర, మాస్టారూ. చేర అంటే గుంట చేసిన అరచెయ్యే. కానీ 'చేరెడు పిండి' అంటే నాకు కొలత కనబడుతుంది, 'పట్టెడు పిండి' అంటే ఆమె ముఖం కనబడుతుంది. అందుకే నా ఓటు పట్టెడుకే.

చెంచాకు చెంచెడు అనాలా, చెంచాడు అనాలా అని ఇంకొకరు. మా ఇంట్లో చెంచాడే. చివర దీర్ఘం ఉంటే ఒట్టి 'డు' చేరుతున్నట్టుంది. వ్యాకరణం తెలిసినవారు సరిచేయండి.

తెనాలి నుంచి ఒక అక్క, వాళ్ల అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసేదని, ఆదివారం అది గుడికి తీసుకెళ్లేదని రాశారు. మా అమ్మమ్మ కూడా అంతే చేసేది. దాన్ని ఆవిడ ఎప్పుడూ పిడికెడు బియ్యమనే అనేది, పట్టెడు అని మాత్రం అనలేదు. మీ ఇళ్లల్లో ఆ డబ్బాను ఏమనేవారో చెప్పండి.