ఆమ్నీ హెడ్‌లో విరిగిన ఎగ్జాస్ట్ స్టడ్లు: తీసేదెలా?

ప్రశ్న:
పెట్రోలు మారుతీ ఆమ్నీ వ్యాను, ఇంజను పైభాగం (హెడ్) అల్యూమినియం. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని మోత, ఇంజను వేడెక్కాక తగ్గిపోతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డు (హెడ్ నుంచి పొగను పైపులోకి పంపే భాగం) విప్పి చూస్తే, దాన్ని పట్టి ఉంచే మరల కడ్డీలు, అంటే స్టడ్లు, రెండు చివర్లా విరిగి ఉన్నాయి. ఒకటి 5 మి.మీ. బయటికి ఉంది, రెండోది హెడ్ లోపలికే తెగింది. స్టడ్లు ఎం8 (8 మి.మీ. మందం). ఈజీ-అవుట్ సెట్టు (విరిగినదాంట్లో రంధ్రం చేసి, దూర్చి ఎదురు తిప్పి తీసే పనిముట్లు) ఉంది. పెట్టి తిప్పేయొచ్చా?

జవాబు:
ఈజీ-అవుట్ జోలికి పోకండి అన్నా. అది గట్టిదే కానీ పెళుసు. స్టడ్డునే విరగ్గొట్టిన పట్టుకు అంతకంటే సన్నటి ఈజీ-అవుట్ ఏం ఆగుతుంది? లోపల విరిగిందా, మామూలు డ్రిల్ బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. ఇక కార్బైడ్ బిట్టో, స్పార్క్ ఎరోషన్ మెషీను (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచేది) ఉన్న షాపో వెతుక్కోవాల్సిందే.

బయటికున్నదానికి నట్టు వెల్డింగ్ చేయించండి. ఎం10 నట్టు తొడిగి, మిగ్ వెల్డింగ్‌తో స్టడ్డు మొహం మీద మొదలుపెట్టి నట్టు లోపలంతా నింపాలి. ఎరుపు పోయి నల్లబడేదాకా ఆగి, స్టడ్డు మొదలు దగ్గర కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. ఒకేసారి విప్పేయొద్దు. కాస్త బిగించే వైపు, కాస్త విప్పే వైపు ఊపుతూ రండి. కిర్రుమంటే ఆపి మళ్లీ మైనం పెట్టండి. వెల్డు ఊడొస్తే ఇంకో నట్టు వేయండి, వేడి తగిలిన ప్రతిసారీ తుప్పు పట్టు కొంత వదులుతుంది.

ప్రశ్న:
మరి లోపలికి తెగినదానికి?

ఇంకొకరి జవాబు:
ఒకట్రెండు మి.మీ. లోతే అయితే దానికీ వెల్డింగే. ఇనుప వెల్డు అల్యూమినియానికి అతకదు కాబట్టి చుక్క మీద చుక్క పోసి పైకి తెచ్చి, వాషరు పెట్టి, దాని మీద నట్టు వేస్తారు. ఆర్క్ గోడ మీదికి జరిగితే మాత్రం హెడ్ కరుగుతుంది, చెయ్యి తిరిగిన వెల్డరే కావాలి.

అంతకంటే లోతైతే డ్రిల్లింగే. కష్టమంతా నడిమధ్య రంధ్రం పడటంలోనే ఉంది. తెగిన మొహం ఎగుడుదిగుడుగా ఉంటుంది, బిట్టు మెత్తటి అల్యూమినియం వైపు జారుతుంది. మానిఫోల్డునే గైడుగా వాడండి: మిగతా స్టడ్ల మీద సమంగా కూర్చోబెట్టి బిగించి, ఆ రంధ్రానికి సరిపడే బుష్షు (గొట్టంలాంటి ముక్క), లోపల 4 మి.మీ. బెజ్జంతో, లేత్ షాపులో చేయించుకోండి. 4 మి.మీ. బిట్టు దిగాక బుష్షు తీసి 5, తర్వాత 6.5. మిగిలిన పల్చటి పెంకును సూదిమొన పనిముట్టుతో లోపలికి మడిచి లాగేసి, ఎం8 × 1.25 ట్యాప్ (మరలు కోసే పనిముట్టు; 1.25 మి.మీ. అంటే మరల మధ్య దూరం) నడిపితే పాత మరలే శుభ్రపడతాయి. మరలు పోతే 8.3 మి.మీ.కు తొలిచి హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగ చుట్ట) వేయించాలి. బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, అడుగు దాటిస్తే వాటర్ జాకెట్ (హెడ్‌లో నీళ్లు తిరిగే దారి) లోకి పోవచ్చు.

ఇంకో మాట, ఆమ్నీలో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, డ్రిల్లు నిటారుగా పట్టేంత చోటు దొరకదు. లోతుగా తెగిందంటే హెడ్ దింపడమే నా సలహా. కొత్త హెడ్ గాస్కెట్ ఖర్చు, వంకరగా తొలిచిన హెడ్ ఖర్చులో ఏ మూలకు? బండి మీదే వెల్డింగంటే బ్యాటరీ నెగటివ్ తీయండి, పెట్రోలు లైను కట్టేయండి, గ్యాస్ కిట్టుంటే సిలిండర్ దింపేయండి, మంటలార్పే సిలిండర్ పక్కనే ఉంచుకోండి.

మొదటి జవాబుకు కొనసాగింపు:
తీయడం సరే, విరిగిందెందుకో చూడకపోతే కొత్తవీ విరుగుతాయి. మానిఫోల్డు వేడికి సాగుతుంది, ఆ సాగుడంతా చివర్ల దగ్గర చేరుతుంది, అందుకే ఎప్పుడూ చివరి స్టడ్లే పోతాయి. మానిఫోల్డు మొహం మీద స్టీలు స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి ఆకులు) దూర్చండి. 0.10 మి.మీ. ఆకు దూరిందా, మొహం సమం చేయించాలి. వంగినదాన్ని బిగించి లాగితే ఆ బలమంతా స్టడ్ల మీదే.

స్టడ్లు, నట్లు, గాస్కెట్ అన్నీ కొత్తవే వేయండి. మరలకు యాంటీ-సీజ్ (పట్టేయకుండా రాసే పేస్టు) పల్చగా రాసి, మధ్య నుంచి చివర్లకు రెండు విడతల్లో బిగించండి. ఎం8కు 20 న్యూటన్ మీటర్ల దరిదాపు చాలు, మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ఖాయం. సైలెన్సర్ వేలాడే రబ్బర్లు కూడా చూడండి. అవి తెగితే పైపు బరువు, ఊపు మానిఫోల్డు మీదే పడతాయి.