అప్‌డేట్: మినెసోటా సభలో 67–67 టై, స్పీకర్ ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరికింది

2024 ఎన్నికల్లో అమెరికా రాష్ట్రం మినెసోటా దిగువ సభలో రెండు పార్టీలకూ చెరి 67 సీట్లు వస్తే పగ్గాలు ఎవరివని ఇక్కడ అడిగాను. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

కోరం (సభ నడవాలంటే ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య) చూడమన్న సలహానే పనిచేసింది. లైబ్రేరియన్ కూడా దాని మీద వచ్చిన కోర్టు తీర్పే చూపించారు. నివాస అర్హత లేదని ఒక డెమొక్రాట్ గెలుపు చెల్లలేదు, బలం 67–66 అయింది. డెమొక్రాట్లు సభకు రాలేదు. రిపబ్లికన్లు తమ 67 మందితోనే స్పీకర్‌ను ఎన్నుకున్నారు. ఖాళీ ఉన్నా మొత్తం 134 సీట్లే లెక్క, 68 మంది ఉండాల్సిందేనని 2025 జనవరి 24న రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చడంతో ఆ ఎన్నిక నిలవలేదు. నాకు బాగా నచ్చిన భాగం ఇదే: ఒక్క సీటు ఎక్కువున్నా సభ నడవలేదు!

ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. రిపబ్లికన్ లీసా డెముత్ స్పీకర్ అయ్యారు. ఆ ఖాళీ సీటుకు మార్చి 11న జరిగిన ఉపఎన్నికలో డెమొక్రాట్ గెలిచి మళ్లీ టై అయ్యాక చాలా కమిటీలకు పార్టీకొకరు చొప్పున ఇద్దరేసి అధ్యక్షులు వచ్చారు.

జవాబుల్లో కొందరన్న లాటరీ సంగతి దీనికి వర్తించదు. 2018లో మరో రాష్ట్రం వర్జీనియాలో చీటీ తీసింది ఒక నియోజకవర్గంలో ఓట్లు సమానమైనందుకు. గవర్నర్ ఓటుతో తేలుతుందన్నదీ కాదు.

మా అమ్మాయి ప్రాజెక్టు ఇచ్చేసింది.