జెల్ దిమ్మలో గురి కుదిరితే మనిషిలోనూ కుదురుతుందా?

సూదిమొన: సీటీ స్కాన్ చూస్తూ సూదితో లోపలి ముక్క తీసే బయాప్సీకి, ఎదుటి దృశ్యం మీదే బొమ్మ చూపే ఏఆర్ కళ్ళజోడు పరీక్షిస్తున్నాం. సూది ఎక్కడ, ఎంత వాలుగా దిగాలో చూపే గీత ఒంటిమీదే కనిపిస్తుంది. ఒంటికి బదులుగా వాడే జెల్ దిమ్మలో కొత్తవాళ్ళకు కూడా గురి కుదిరింది. ఇక రోగుల మీద పరీక్షకు అనుమతి అడగొచ్చా?

పాతచెయ్యి: జెల్ ఊపిరి పీల్చదండీ. కాలేయం మామూలు శ్వాసకే సెంటీమీటరుకు పైగా కదులుతుంది. మీ గీత ఇందాకటి సీటీ దగ్గరే ఉంటుంది.

సూదిమొన: ఊపిరి బిగబట్టమంటాం. మీరూ అదే చేస్తారుగా?

పాతచెయ్యి: ప్రతిసారీ ఒకే చోట బిగబట్టే రోగిని చూపించండి! పైగా సన్నసూది లోపల వంగుతుంది. మొన ఎటు పోయిందో కళ్ళజోడుకి కనబడదు, పైభాగాన్ని బట్టి ఊహిస్తుందంతే.

గాజుకన్ను: ఏ కళ్ళజోడు? హోలోలెన్స్ 2 అయితే 2024లోనే తయారీ ఆపేశారు.

సూదిమొన: అదే. చర్చ పక్కదారి పట్టించకండి.

గాజుకన్ను: పక్కదారేం కాదు. అందులో బొమ్మ ఫోకస్ దాదాపు 2 మీటర్ల దూరాన ఉంటుంది, సూదేమో మూరెడు దూరంలో. రెండూ ఒకేసారి స్పష్టంగా ఎలా కనిపిస్తాయి?

గుచ్చించుకున్నవాణ్ణి: నా ఊపిరితిత్తి బయాప్సీకి మూడుసార్లు గుచ్చారు. చుట్టూ గాలి చేరి, ట్యూబు వేయాల్సి వచ్చింది. ఒక్క పోటు తగ్గినా నాకు చాలు.

పాతచెయ్యి: మీ బాధ నిజమే. కానీ ఒక్కసారి గుచ్చినా ఆ ముప్పు ఉంటుంది. కాలేయం సంగతికి ఎవరూ జవాబివ్వలేదు.

సూదిమొన: ఎన్నిసార్లండీ కాలేయం! సూది దిగాక మళ్ళీ సీటీ తీసి సరిచూస్తాం. కళ్ళజోడు సీటీకి బదులు కాదు. సూదిని ఎన్నిసార్లు సరిచేశాం, ఎన్ని స్కాన్లు తగ్గాయి అన్నదే లెక్క. అసలు మీ బెంగ వేరు. మీకు ఏళ్ళు పట్టిన గురి నిన్న చేరిన కుర్రాడికి వచ్చేస్తుందని.

పాతచెయ్యి: కుర్రాడి గురించే, ఒప్పుకుంటాను. ఒకసారి దారి చూపే తెర మధ్యలో ఆగిపోయింది. సూది సగం దిగి ఉంది. జూనియర్ చెయ్యి కదపకుండా నా మొహం చూశాడు. లోపల ఏముందో అతని తలలో లేదు, తెరలోనే ఉంది. మీ పరీక్షలో సగంలో గీత ఆర్పేసి చూశారా?

సూదిమొన: లేదు.

గాజుకన్ను: ఆర్పి చూడండి మరి. కళ్ళజోడుతో నేర్చినవాళ్ళు, లేకుండా నేర్చినవాళ్ళు, ఇద్దరికీ.

సూదిమొన: చూస్తాం. అప్పుడు ఒప్పుకుంటారా పాతచెయ్యి గారూ?

పాతచెయ్యి: ముందు ఊపిరి పీల్చే దిమ్మ తెండి.