సీఐపీ (పైపులు, ట్యాంకులు విప్పకుండా లోపలే కడగడం) నీళ్లు మున్సిపల్ డ్రైనేజీలోకి: పీహెచ్, ఆయిల్-గ్రీజ్, బీవోడీ మూడూ ఫెయిల్. గ్రీజ్ ట్రాప్ పెద్దది చేస్తే సరిపోతుందా?

ప్రశ్న: యుటిలిటీ_షిఫ్ట్

పాల ప్రాసెసింగ్ యూనిట్. రోజుకు 40 ఘనపు మీటర్ల వాడిన నీరు మున్సిపల్ మురుగు లైనులోకి వెళ్తుంది. ఉత్పత్తి 16 గంటలు. అనుమతి పత్రంలో హద్దులు ఇవి: పీహెచ్ 5.5 నుంచి 9.0, ఆయిల్-గ్రీజ్ లీటరుకు 20 మి.గ్రా., బీవోడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) 350, సస్పెండెడ్ సాలిడ్స్ (నీళ్లలో తేలాడే ఘనకణాలు) 600.

తనిఖీలో తీసిన గ్రాబ్ శాంపిల్‌లో (ఒకే సమయంలో ఒక్కసారి తీసింది) పీహెచ్ 12.1, ఆయిల్-గ్రీజ్ 140 వచ్చాయి. 24 గంటల కాంపోజిట్‌లో (విడతలుగా తీసి కలిపిన శాంపిల్) బీవోడీ 1,200. సస్పెండెడ్ సాలిడ్స్ 410, అదొక్కటే హద్దులో ఉంది. నోటీసు వచ్చింది.

ఇప్పుడున్న ఏర్పాటు: 2 ఘనపు మీటర్ల మూడు గదుల గ్రీజ్ ట్రాప్, ఆ తర్వాత 6 ఘనపు మీటర్ల సంపు, అక్కడి నుంచి పంపు నేరుగా లైనులోకి. పీహెచ్ సరిచేసే ఏర్పాటు ఏదీ లేదు. సీఐపీలో 75 డిగ్రీల దగ్గర 1.5 శాతం కాస్టిక్ సోడా, తర్వాత 1 శాతం నైట్రిక్ యాసిడ్, చివర్లో క్రిములను చంపడానికి పెరాసిటిక్ యాసిడ్. కాస్టిక్ ట్యాంకు, యాసిడ్ ట్యాంకు చెరో 1,000 లీటర్లు. పాడైనప్పుడు ట్యాంకు మొత్తం ఒకేసారి వదిలేస్తున్నారు.

అడగదలచుకున్నవి మూడు. గ్రీజ్ ట్రాప్‌ను 5 ఘనపు మీటర్లకు పెంచితే ఆయిల్-గ్రీజ్ దిగుతుందా? ఆర్‌వో రిజెక్ట్ నీళ్లు (నీటిశుద్ధి ఫిల్టర్ బయటికి తోసేవి) ఎలాగూ ఊరికే పోతున్నాయి, వాటిని సంపులో కలిపి అంకెలు దించవచ్చా? ఏ పని ముందు, ఏది తర్వాత?

---

జవాబు 1: నీటిలెక్క

గ్రీజ్ ట్రాప్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ట్రాప్ పనిచేసేది ఒకే సూత్రం మీద: చల్లబడిన కొవ్వు నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలుతుంది. మీ దగ్గర కొవ్వుకు ఆ అవకాశమే లేదు. హోమోజెనైజ్ అయిన పాలలో కొవ్వు బిందువులు ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉంటాయి, గంటలు నిలబెట్టినా తేలవు. పైగా 75 డిగ్రీల కాస్టిక్ కొంత కొవ్వును సబ్బుగా మార్చి, మిగతాదాన్ని నీళ్లలో కలిపేస్తుంది. ఆ నీరు ట్రాప్ దాటి లైనులో చల్లబడ్డాక, నీళ్లలోని కాల్షియంతో కలిసి గట్టి సబ్బు ముద్దలా గోడలకు పట్టేస్తుంది. 2017లో లండన్ వైట్‌చాపెల్ మురుగు లైనులో దొరికిన 250 మీటర్ల, 130 టన్నుల కొవ్వు గడ్డ లాంటివాటి పుట్టుకలో ఈ రసాయనానికీ పాత్ర ఉంటుంది. కొవ్వు కరిగించే ఎంజైములు, వేడినీళ్లు పోసినా జరిగేది ఇదే, అడ్డంకి మీ గేటు దాటి ముందుకు జరుగుతుంది అంతే. అందుకే చాలా నగరాల నియమాలు వాటిని నిషేధించాయి.

ఉన్న ట్రాప్‌ను మాత్రం సరిగ్గా నడపండి. పైన తేలిన కొవ్వు, అడుగున పేరుకున్న మడ్డి రెండూ కలిపి నీటి లోతులో నాలుగో వంతుకు చేరితే ఖాళీ చేయాలి. అంతకు మించితే లోపల నీళ్లు నిలిచే సమయం తగ్గి, పట్టిన కొవ్వు కూడా కొట్టుకుపోతుంది.

ఆర్‌వో రిజెక్ట్ కలపడం కుదరదు. హద్దు అందుకోవడానికి పలచన చేయడం నిషిద్ధమని మురుగు లైను నియమాల్లో దాదాపు ప్రతిచోటా స్పష్టంగా ఉంటుంది. కారణం లెక్కలోనే కనిపిస్తుంది. 40 ఘనపు మీటర్లు × 1,200 అంటే రోజుకు 48 కిలోల బీవోడీ. మనిషికి రోజుకు 60 గ్రాముల చొప్పున చూస్తే 800 మంది మురుగుతో సమానం. ఇంకో 40 ఘనపు మీటర్ల శుభ్రమైన నీళ్లు పోస్తే అంకె 600కి దిగుతుంది కానీ శుద్ధి కేంద్రం మోయాల్సింది అదే 48 కిలోలు. లైనులో చోటు మాత్రం రెండింతలు తింటుంది.

ఇప్పుడు ఆ 48 కిలోలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. పాల బీవోడీ లీటరుకు సుమారు లక్ష మి.గ్రా., అంటే లీటరు పాలు పారితే 0.1 కిలో. కాస్టిక్‌కు, నైట్రిక్‌కు బీవోడీ లేదు. కాబట్టి మీ లైనులోకి రోజుకు దాదాపు 480 లీటర్ల పాలకు సమానమైనది పోతోంది. 350 హద్దుకు 14 కిలోలు, అంటే 140 లీటర్లు. మధ్యలో ఉన్న 340 లీటర్లను పట్టుకోవడమే మీ మొదటి పని.

వెతకాల్సిన చోట్లు ఇవి. ట్యాంకు ఖాళీ అయ్యాక కడగడం మొదలుపెట్టే ముందు కారడానికి ఎన్ని నిమిషాలు ఇస్తున్నారు? పైపుల వాలు ఎక్కడైనా ఎదురు తిరిగిందా? తొలి కడుగు నీళ్లలో మొదటి అర నిమిషం పోయేది చాలావరకు పాలే, దాన్ని కండక్టివిటీ (విద్యుత్ వాహకత) లేదా టర్బిడిటీ (మసక) కొలిచే సెన్సర్‌తో విడదీసి వేరే ట్యాంకుకు మళ్లించండి. సెపరేటర్ (పాల నుంచి మీగడ విడదీసే యంత్రం) విసిరే మడ్డి నేరుగా నేల కాలువలోకి పోతుంటే ఇవాళే ఆపండి. పరిమాణం చిన్నదే, బలం మాత్రం విపరీతం. నేల మీద ఒలికినదాన్ని గొట్టంతో తోసేయకుండా ముందు స్క్వీజీతో ఎత్తాలి.

---

జవాబు 2: క్షారం_ఆమ్లం

పీహెచ్ సంగతి. ట్యాంకు పెద్దది కట్టి అన్ని నీళ్లూ కలిపేస్తే సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 1,000 లీటర్ల 1.5 శాతం ద్రావణంలో 15 కిలోల కాస్టిక్ ఉంటుంది. దాన్ని 20 ఘనపు మీటర్ల నీళ్లలో కలిపినా పీహెచ్ 12.2 దాకా ఉంటుంది. రోజంతటి 40లో కలిపినా 12కి దగ్గరే. నీళ్లలోని బఫర్ గుణం (పీహెచ్ మార్పును అడ్డుకునేది) కొంత తగ్గిస్తుంది, కానీ 9కి రాదు. పీహెచ్ లాగ్ స్కేలు కావడంతో పది రెట్లు పలచన చేస్తే ఒక్క అంకె మాత్రమే దిగుతుంది.

మీ యాసిడ్ ట్యాంకు కూడా అదే రోజు ఖాళీ అయితే అందులోని 10 కిలోల నైట్రిక్ 6.3 కిలోల కాస్టిక్‌ను తటస్థం చేస్తుంది. ఇంకా 8.7 కిలోలు మిగులుతుంది. దానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ 10.6 కిలోలు కావాలి, 98 శాతం ఆమ్లమైతే 6 లీటర్లకు కాస్త తక్కువ. కార్బన్ డయాక్సైడ్ వాడితే సుమారు 9.5 కిలోలు.

అసలు ట్యాంకు ఒకేసారి వదలాల్సిన అవసరం ఉందా అన్నది ముందు ప్రశ్న. కాస్టిక్‌ను నిలబెట్టి అడుగు మడ్డి తీసేసి, కండక్టివిటీ చూసి గాఢత పెంచుకుంటూ వాడితే ఖాళీ చేసే సందర్భాలు బాగా తగ్గుతాయి. తప్పనిసరిగా వదలాలంటే వేరే ట్యాంకులోకి తీసుకుని, చల్లార్చి, కొన్ని రోజుల మీద కొంచెం కొంచెంగా తటస్థీకరణ ట్యాంకులోకి వదలాలి.

తటస్థీకరణ రెండు దశల్లో పెట్టండి. మొదటి దాంట్లో 12 నుంచి 9.5కి, రెండో దాంట్లో 8 దగ్గరికి. ఒక్కోదానిలో 15 నిమిషాలైనా నీరు నిలవాలి, మిక్సర్ ఆగకుండా తిరగాలి. ఒకే ట్యాంకులో చేస్తే ఆమ్లం కాస్త ఎక్కువై పీహెచ్ 4కి పడిపోతుంది, మళ్లీ క్షారం పోస్తారు, ఆ ఊగిసలాట ఆగదు. తరచూ చెడేది ప్రోబ్. దాని మీద కొవ్వు పొర పట్టిందంటే స్పందన మందగిస్తుంది, కంట్రోలర్ పాత అంకె చూస్తూ ఆమ్లం పోస్తూనే ఉంటుంది. వారానికి ఒకసారైనా డిటర్జెంటుతో, తర్వాత పలచని ఆమ్లంతో కడిగి 7, 10 పీహెచ్ ఉన్న ప్రామాణిక బఫర్ ద్రావణాలతో సరిచూడాలి. చివర్లో ఒక ఇంటర్‌లాక్ ఉండాలి: 6.0 కంటే దిగినా 8.5 దాటినా బయటి వాల్వ్ మూసుకుని నీరు వెనక్కి తిరగాలి. హద్దు 9.0 అయితే ఇంటర్‌లాక్‌ను 9.0 దగ్గరే పెట్టకండి, వాల్వ్ మూసుకునే లోపు పోయే నీళ్లకు జాగా ఉండాలి.

ఇంకొకటి. యూనిట్లో ఎక్కడైనా హైపోక్లోరైట్ వాడుతుంటే ఆ నీరు యాసిడ్ నీళ్లతో ఒకే సంపులో కలవకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది.

---

యుటిలిటీ_షిఫ్ట్

లెక్కలకు ధన్యవాదాలండీ. ఒక సందేహం. ఉన్న 6 ఘనపు మీటర్ల సంపునే ఈక్వలైజేషన్ ట్యాంకుగా (హెచ్చుతగ్గులు సర్ది నీటిని ఒకే వేగంతో వదిలేది) వాడుకోవచ్చా? రాత్రి నీళ్లు నిలిపి ఉంచితే పొద్దున్నకి పీహెచ్ 4.5కి పడిపోయి కుళ్లు వాసన వస్తోంది. అంటే కాస్టిక్‌ను అదే సరిచేస్తున్నట్టా?

---

జవాబు 3: మ్యాన్‌హోల్_మూత

కాదండీ, ఆ ఆధారం నమ్ముకోవద్దు. పాలలోని లాక్టోజ్ గాలి అందక పులిసి లాక్టిక్ ఆమ్లమైంది. అది 5.5 కింద ఉండటం కూడా ఉల్లంఘనే. పగలు 12, తెల్లవారుజామున 4.5, రెండూ ఫెయిలే.

6 చాలదు. 16 గంటల్లో వచ్చే 40 ఘనపు మీటర్లను 24 గంటలూ ఒకే వేగంతో వదలాలంటే గంటకు 1.67 పోతుంది, 2.5 వస్తుంది. తేడా 0.83, 16 గంటలకు 13.3 ఘనపు మీటర్లు. ఇది ఉత్త కాగితం మీద లెక్క. సీఐపీ పోటు, పంపు అడుగున ఎప్పుడూ ఉండాల్సిన నీరు కలిపితే 20 నుంచి 25 ఘనపు మీటర్ల ట్యాంకు కావాలి. పులియకుండా గాలి కొట్టాలి: ఘనపు మీటరుకు నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు. 20 ఘనపు మీటర్లు నిండి ఉన్నప్పుడు నిమిషానికి 200–300 లీటర్ల బ్లోయర్ అన్నమాట. నురగ వస్తుంది, గట్టు పైన అర మీటరు ఖాళీ వదలండి.

పైన సల్ఫ్యూరిక్ అన్నారు, దానితో నేను ఏకీభవించను. 10.6 కిలోల సల్ఫ్యూరిక్‌ను 40 ఘనపు మీటర్లలో కలిపితే లీటరుకు అదనంగా 260 మి.గ్రా. సల్ఫేట్. మీ గేటు దగ్గర పీహెచ్ చక్కగా 8 చూపిస్తుంది. లైనులో నీటి కింద గోడకు పట్టిన జిగురు పొరలో బ్యాక్టీరియా ఆ సల్ఫేట్‌ను సల్ఫైడ్ చేస్తుంది, అందుకు కావాల్సిన ఆహారం మీ పాలలోనే ఉంది. పీహెచ్ 9 దగ్గర సల్ఫైడ్‌లో వాయువుగా మారగలిగేది నూటికి ఒక వంతు. పీహెచ్ 7 దగ్గర సగం. పైకి లేచిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పైపు పైకప్పు మీది తేమలో ఇంకో బ్యాక్టీరియా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, కాంక్రీటు జిప్సం ముద్దై రాలుతుంది. అడుగు గట్టిగానే ఉండి పైకప్పు కూలే లైన్ల కథ ఇదే. కార్బన్ డయాక్సైడ్ వాడండి. సల్ఫేట్ చేరదు, పొరపాటున ఎక్కువ పోసినా పీహెచ్ ప్రమాదకరంగా పడిపోదు.

కాంక్రీటు కంటే ముందు మనుషులు. హైడ్రోజన్ సల్ఫైడ్ మిలియన్‌కు ఒక వంతు కంటే తక్కువలోనే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, 100 వంతుల దగ్గర ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా, గాలి బాగుపడిందనుకుని దిగినవాళ్లే పడిపోతారు. మీ సంపు రాత్రి కుళ్లుతోందంటే అది ఇప్పటికే అలాంటి చోటు. ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే వాయువులు మీటరుతో చూడకుండా, బ్లోయర్‌తో గాలి మార్చకుండా, పైన మనిషి, తాడు, ట్రైపాడ్ లేకుండా ఎవరినీ దింపవద్దు. లోపల ఒకరు పడిపోతే రెండోవారు పరుగున దిగకూడదన్నది ముందే అందరికీ చెప్పి ఉంచాలి.

పాల నష్టం ఆపాక కూడా ఆయిల్-గ్రీజ్ 20కి దిగకపోతే అప్పుడు డీఏఎఫ్ (నీటిలో కరిగించిన గాలి బుడగలతో కొవ్వును తేల్చే యంత్రం) ఆలోచించండి. పాల ప్రొటీన్ కేసీన్ పీహెచ్ 4.6 దగ్గర విరిగి గడ్డకడుతుంది, కొవ్వును కూడా తనతో పట్టుకుంటుంది. 4 నుంచి 6 బార్‌లో గాలి కరిగించిన 20–30 శాతం రీసైకిల్ నీటితో దాన్ని తేల్చి గీకేయాలి. కోయాగులెంట్ (కణాలను గడ్డకట్టించే రసాయనం) మోతాదు జార్ టెస్టుతోనే (మీ నీళ్లలోనే వేర్వేరు మోతాదులు పోసి చూడటం) తేలుతుంది, ఎవరో చెప్పిన అంకె పనికిరాదు. బయటికి వదిలే ముందు పీహెచ్ మళ్లీ పైకి తేవాలి. గీకిన మడ్డి లైనులోకి పోకూడదు.

---

జవాబు 4: శాంపిల్_బాటిల్

శాంపిల్ పద్ధతి తప్పైతే ఈ పనంతా కాగితం మీద కనపడదు. పీహెచ్, ఆయిల్-గ్రీజ్ గ్రాబ్‌గానే తీయాలి, కాంపోజిట్ చేయకూడదు. పీహెచ్ 15 నిమిషాల్లోపు అక్కడికక్కడే చూడాలి. ఆయిల్-గ్రీజ్‌కు గాజు సీసా, శాంపిల్ నీటితో ముందు కడగకూడదు, ఒక సీసా నుంచి ఇంకో సీసాకు పంచకూడదు. గోడకు అంటుకున్న కొవ్వు కూడా లెక్కలోదే. ఆమ్లంతో పీహెచ్ 2 కిందకు దించి చల్లగా ఉంచాలి. బీవోడీకి ఆమ్లం వేయకూడదు, 6 డిగ్రీల కింద పెట్టి 48 గంటల్లో మొదలుపెట్టాలి.

మీరు పెరాసిటిక్ వాడుతున్నారు, దానితో పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. అది మిగిలి ఉంటే సీవోడీ (రసాయనంతో కొలిచే ఆక్సిజన్ అవసరం) ఎక్కువ చూపిస్తుంది, బీవోడీ పరీక్ష కోసం వేసే విత్తనం బ్యాక్టీరియాను చంపి తక్కువ చూపిస్తుంది. ల్యాబ్‌కు ముందే చెప్పండి.

శాంపిల్ చోటు: ప్రాసెస్ నీళ్లన్నీ కలిశాక, టాయిలెట్ల నీరు కలవకముందు. కలిశాక తీస్తే పలచన చేసినట్టే లెక్క. ప్రవాహం కొలవడానికి వీ-నాచ్ (V ఆకారపు గాడి ఉన్న పలక) పెట్టాలనుకోవద్దు. గంటకు 1.67 ఘనపు మీటర్లకు 90 డిగ్రీల నాచ్ మీద 4 సెం.మీ. ఎత్తే వస్తుంది, అంత పలచటి నీరు పలకకు అంటుకుని పారి కొలత తప్పుతుంది. పంపు డెలివరీలో, పైపు ఎప్పుడూ నిండి ఉండే చోట విద్యుదయస్కాంత మీటరు పెట్టండి.

హద్దులు ఎక్కడికక్కడ వేరు. మీరిచ్చిన నాలుగూ భారత పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986లో మురుగు లైనుకు ఇచ్చిన అంకెలే, అక్కడ బీవోడీ 27 డిగ్రీల దగ్గర 3 రోజుల పరీక్ష. అమెరికా ఫెడరల్ నియమాల్లో పీహెచ్ 5.0 కిందకు నిషేధం, పై హద్దు స్థానిక సంస్థ పెడుతుంది, బీవోడీ 20 డిగ్రీల దగ్గర 5 రోజులు. సొంత శాంపిల్ ఫెయిలైతే అక్కడ తెలిసిన 24 గంటల్లో చెప్పాలి, 30 రోజుల్లో మళ్లీ తీసి ఫలితం ఇవ్వాలి. మీ అనుమతి పత్రంలో ఇలాంటి గడువులు ఏ షరతులో ఉన్నాయో చూసి నోటీసు జవాబులో ఆ షరతు నంబరు రాయండి.

జవాబులో వరస ఇలా పెట్టవచ్చు: ట్యాంకు ఒకేసారి వదలడం వెంటనే ఆపాం, సెపరేటర్ మడ్డి మళ్లించాం, తొలి కడుగు విడదీసే సెన్సర్‌కు ఫలానా తేదీ, ట్యాంకుకు, తటస్థీకరణకు ఫలానా తేదీ. డీఏఎఫ్‌కు ఇప్పుడే తేదీ ఇవ్వకండి. పాల నష్టం తగ్గాక నాలుగు వారాల శాంపిళ్లు చూసి నిర్ణయిస్తామని రాయండి, లేకపోతే అక్కర్లేని యంత్రానికి కట్టుబడిపోతారు.