ఆర్‌ఎంమోడ్ కొడితే కెర్నెల్ పానిక్: వర్క్‌క్యూ ఎక్కడ ఆపాలి?

ప్రశ్న (గుంటూరు): మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టే టెంపరేచర్ సెన్సార్‌కి లినక్స్ డ్రైవర్ (కెర్నెల్‌లో చేరే మాడ్యూల్) రాస్తున్నా. ఇంటరప్ట్ (సెన్సార్ ఇచ్చే సిగ్నల్) రాగానే పనిని వర్క్‌క్యూలో (కెర్నెల్ కాసేపాగి చేసే పనుల వరసలో) వేస్తా, ఐ2సీ (సెన్సార్‌తో మాట్లాడే బస్) రీడింగ్ అక్కడే. ఆర్‌ఎంమోడ్ (మాడ్యూల్ తీసేసే కమాండ్) కొడితే ఒక్కోసారి పానిక్, సిస్టమ్ మొత్తం ఆగిపోతోంది. డ్రైవర్ తీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్‌లో క్యాన్సిల్_వర్క్_సింక్ (క్యూలోని పనిని రద్దు చేసే కాల్) ఉంది, ఇంకేం కావాలండీ?

జవాబు: ఇంటరప్ట్ డెవ్‌ఎం_రిక్వెస్ట్_ఐఆర్‌క్యూతో (ఇంటరప్ట్‌ని తర్వాత తానే వదిలేసే కాల్) తీసుకున్నారా? అయితే అది వదిలేది రిమూవ్ ముగిశాకే. ఈలోపు ఇంకో ఇంటరప్ట్ వచ్చి మళ్లీ పని వేస్తుంది, అది నడిచేసరికి మాడ్యూల్ కోడ్ మెమరీలో ఉండదు. కుళాయి కట్టకుండా తొట్టి తోడితే ఏం లాభం? ముందు డెవ్‌ఎం_ఫ్రీ_ఐఆర్‌క్యూతో ఇంటరప్ట్ వదిలేయండి, ఆ తర్వాతే క్యాన్సిల్.

ఇంకొకరు: టాస్క్‌లెట్‌కి (పనిని వాయిదా వేసే ఇంకో పద్ధతి) మారమంటే మాత్రం వినకండి. అందులో నిద్రపోకూడదు, అంటే ఆగి ఎదురుచూడకూడదు; ఐ2సీ రీడింగ్‌కి ఎదురుచూడాలి కాబట్టి కుదరదు. రీడింగ్ ఒక్కటే అయితే థ్రెడెడ్ ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ పనిని నిద్రపోగల థ్రెడ్‌లో చేసేది) చాలు, వర్క్‌క్యూ గోలే ఉండదు.

అడిగినవారు: అవునండీ, డెవ్‌ఎం‌దే. వరస మార్చా, పానిక్ పోయింది. థ్రెడెడ్ సంగతి డెమో అయ్యాక చూస్తా, ఇప్పుడు కదిపితే టెన్షన్.