ఫ్రీ కాలమ్‌లో 310 ఎంబీయే ఉంది, ర్యామ్ పెంచాలా?

ప్రశ్న:
16 జీబీ లినక్స్ సర్వర్. ఫ్రీ కమాండ్‌ను మైనస్ ఎమ్‌తో కొడితే ఫ్రీ 310, బఫ్/క్యాష్ 9800, అవైలబుల్ 9400 అని వస్తోంది. మెమరీ అయిపోయినట్టేనా? ఏ ప్రాసెస్ ఎక్కువ తింటోందో ఎలా చూడాలి?

జవాబు 1:
అయిపోలేదండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను కెర్నల్ (లినక్స్ మూలభాగం) ఫైల్ క్యాష్‌కి, అంటే చదివిన ఫైళ్లను దాచుకోడానికి వాడుకుంటుంది, అడిగితే వదిలేస్తుంది. మీరు చూడాల్సింది అవైలబుల్, అంటే కొత్త ప్రోగ్రాములకు దొరికే మెమరీ. క్యాష్‌ను బలవంతంగా ఖాళీ చేయించే డ్రాప్ క్యాషెస్ జోలికి మాత్రం పోకండి, డిస్క్ రీడ్లు పెరగడం తప్ప లాభం లేదు.

జవాబు 2:
ఒక మెలిక. టెంప్‌ఎఫ్‌ఎస్‌లోని (మెమరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్) ఫైళ్లు కూడా క్యాష్ కిందే కనిపిస్తాయి, కానీ వాటిని కెర్నల్ పారేయలేదు. స్వాప్ (ర్యామ్‌కి తోడుగా వాడే డిస్క్ స్థలం) ఉంటే అందులోకి నెట్టగలదు, అంతే. అవి ఎక్కువున్నాయేమో తెలియాలంటే అదే ఫ్రీ అవుట్‌పుట్‌లో షేర్డ్ కాలమ్ ఎంతుందో చూడండి.

అసలు ఒత్తిడి ఉందో లేదో తేలాలంటే వీఎంస్టాట్ 1 5 కొట్టండి, సెకనుకోటి చొప్పున ఐదు వరుసలు వస్తాయి. మొదటి వరుస బూట్ అయినప్పటి నుంచి సగటు, దాన్ని వదిలేయండి. మిగతా నాలుగింట్లో ఎస్‌ఐ (స్వాప్ నుంచి ర్యామ్‌లోకి వచ్చేది), ఎస్‌ఓ (ర్యామ్ నుంచి స్వాప్‌లోకి పోయేది) సున్నాలైతే స్వాపింగ్ జరగట్లేదు. స్వాప్ అసలు పెట్టకపోతే ఎప్పుడూ సున్నాలే, మోసపోకండి.

జవాబు 1:
ప్రాసెస్‌లకైతే టాప్ తెరిచి పెద్ద ఎమ్ నొక్కండి, రెస్ (ప్రాసెస్ ఇప్పుడు ర్యామ్‌లో నిజంగా పట్టుకున్నది) ప్రకారం వరుస మారుతుంది. విర్ట్ చూసి కంగారుపడొద్దు, అది కేటాయించుకున్న అడ్రస్ స్పేస్. రెస్‌లన్నీ కూడినా లెక్క తప్పుతుంది: పంచుకున్న పేజీలు (మెమరీ ముక్కలు) ప్రతి ప్రాసెస్‌లోనూ మళ్లీ పడతాయి. ఫోర్క్ అయిన (ఒకే ప్రాసెస్ నుంచి కాపీలుగా పుట్టిన) వర్కర్లుంటే పీఎస్ఎస్, అంటే పంచుకున్న పేజీలను వాడేవాళ్ల మధ్య భాగించిన లెక్క చూడాలి, ప్రాక్ కింద ఆ పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఫోల్డర్‌లో స్మాప్స్ రోలప్ ఫైల్‌లో దొరుకుతుంది.

అడిగినవారు:
షేర్డ్ 120, ఎస్‌ఐ ఎస్‌ఓ సున్నా, స్వాప్ 2 జీబీ ఉంది. ర్యామ్ పెంచట్లేదు.