ఎర్రర్ రాగానే నోడ్ మాడ్యూల్స్ లేపేయడం: పద్ధతా, మూఢనమ్మకమా?

రాత్రిబిల్డ్:
మా టీములో మూడు రోజులుగా ఇదే గొడవ. బిల్డ్‌లో (రాసిన కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చేటప్పుడు) "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అని ఎర్రక్షరాలు కనబడితే చాలు, మా సీనియర్ "నోడ్ మాడ్యూల్స్, లాక్ ఫైలు రెండూ లేపేసి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టు" అంటారు. అంటే దింపుకున్న ప్యాకేజీల (వేరేవాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్) ఫోల్డర్‌నీ, వాటి కచ్చితమైన వెర్షన్లు రాసి ఉంచే ఫైలునీ తీసేసి, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దింపే ఎన్‌పీఎంతో అన్నీ మళ్లీ దింపుకోవడం. సగం సార్లు పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేసిందని అడిగితే మాత్రం జవాబు ఉండదు. నాకిది తాయెత్తు కట్టినట్టే ఉంది. మీరేమంటారు?

పాతకీబోర్డు:
తాయెత్తేం కాదండీ. ఆ ఫోల్డర్ ఎప్పుడైనా మళ్లీ తయారయ్యేదే, పోయేదేం లేదు. ఇన్‌స్టాల్ మధ్యలో నెట్ పోతుంది, బ్రాంచి మారుస్తాం, నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) వెర్షన్ మారుస్తాం. నేటివ్ మాడ్యూల్స్ (సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో రాసినవి) పాత వెర్షన్‌కి కంపైలై అలాగే పడుంటాయి. ఆ సగం సగం సరుకును తవ్వుతూ కూర్చోవడం కంటే తుడిచేస్తే కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది. డెలివరీ నెత్తిమీదుంటే పరిశోధన ఎవరు చేస్తారు?

కామాఫుల్‌స్టాప్:
ఫోల్డర్ సంగతి సరే. లాక్ ఫైలు ఏం పాపం చేసింది? ప్యాకేజ్.జేసన్‌లో (మనకు కావాల్సిన ప్యాకేజీల జాబితా) వెర్షన్ ముందు క్యారెట్ గుర్తు (^) ఉంటే, అదే మేజర్ వెర్షన్‌లో కొత్తది ఏదైనా దిగొచ్చు. దిగకుండా పట్టి ఉంచేది లాక్ ఫైలే. అది పోతే నిన్నటిదాకా కదలని ప్యాకేజీలన్నీ ఒకేసారి కదులుతాయి. పాత ఎర్రర్ పోయి కొత్తది వస్తుంది, దాని పుట్టుక ఎక్కడో ఎవరికీ తెలియదు. శుభ్రంగా మొదలుపెట్టాలంటే 2018 నుంచి ఎన్‌పీఎం సీఐ అనే కమాండ్ ఉంది. ఫోల్డర్‌ను అదే తుడిచి లాక్‌లో ఉన్నదే దింపుతుంది, రెండు ఫైళ్లకీ పొంతన లేకపోతే మొండికేస్తుంది. ఆ మొండితనమే మనక్కావాల్సింది.

ఇంకొకటి. "తుడిస్తే పోయింది" అన్న కేసుల్లో నేను చూసినంతవరకు పోయింది కాష్ (మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టిన పాత ఫలితాలు). బేబెల్ లోడర్, వీట్ లాంటి బిల్డ్ పనిముట్లు తమ కాష్‌లను మామూలుగా ఆ ఫోల్డర్‌లోపలే పెట్టుకుంటాయి. చెత్తబుట్ట ఖాళీ చేయడానికి ఇల్లంతా ఖాళీ చేస్తున్నాం!

పెద్దహెచ్_బాధితుడు:
నా కథ వినండి. నా మ్యాక్‌లో బిల్డ్ చక్కగా అవుతోంది. సర్వర్‌లో మాత్రం "కాంట్ రిజాల్వ్ డాట్ స్లాష్ హెడర్". నాలుగుసార్లు అన్నీ తుడిచా. ఐదోసారి తుడవబోతుంటే పక్క సీట్లో ఆవిడ తొంగి చూసి, "దారి డాట్ స్లాష్‌తో మొదలైందంటే అది మన ఫైలు కదా. నోడ్ మాడ్యూల్స్‌తో దానికేం పని?" అన్నారు. ఫైలు పేరులో చిన్న హెచ్, ఇంపోర్ట్‌లో పెద్ద హెచ్. మ్యాక్, విండోస్ మామూలు సెట్టింగుల్లో ఆ తేడా పట్టించుకోవు, లైనక్స్ ఊరుకోదు. పేరు మార్చి కమిట్ కొడితే, కోడ్ మార్పుల లెక్క చూసే గిట్‌కి కూడా మార్పు కనబడలేదు. గిట్ ఎంవీ అనే కమాండ్‌తో పేరు మారిస్తే గానీ కదల్లేదు. ఆ మధ్యాహ్నం అలా పోయింది.

పాతకీబోర్డు:
డాట్ స్లాష్ విషయంలో ఒప్పుకుంటున్నా, అది నా లెక్కలోకి రాదు. దొరకనిది ప్యాకేజీ అయితే?

కామాఫుల్‌స్టాప్:
అప్పుడూ పేరు చదవాలి. క్రిప్టో, బఫర్, స్ట్రీమ్ దొరకలేదంటోందా? అవి నోడ్ సొంత మాడ్యూల్స్. 2020 అక్టోబరులో వచ్చిన వెబ్‌ప్యాక్ 5 (కోడ్‌ను కట్టగట్టి బ్రౌజర్‌కి ఇచ్చే పనిముట్టు), బ్రౌజర్ కోసం వాటికి ప్రత్యామ్నాయాలను తనంతట తాను జతచేయడం మానేసింది. వందసార్లు తుడిచినా రావు. వెబ్‌ప్యాక్ సెట్టింగుల్లోని రిజాల్వ్ ఫాల్‌బ్యాక్‌లో మీరే చెప్పాలి, లేదా సర్వర్ కోడ్ బ్రౌజర్‌లోకి ఎలా దూరిందో చూసుకోవాలి.

నోడ్ 17కి మారిన పాత ప్రాజెక్టులదీ అంతే. వెబ్‌ప్యాక్ 4 ఎండీ4 అనే పాత హాష్ (ఫైలుకు వేలిముద్రలాంటిది లెక్కగట్టే పద్ధతి) వాడుతుంది, నోడ్ 17తో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) దాన్ని లెగసీ కింద, అంటే పాతబడిందని, పక్కన పెట్టేసింది, దాంతో బిల్డ్ ఆగిపోయింది. లెగసీ ప్రొవైడర్ ఫ్లాగ్ తగిలించి రోజు గడుపుకోవచ్చు. నేనూ గడుపుకున్నా, సిగ్గేం లేదు.

కొత్తటెర్మినల్:
అవన్నీ తెలిసినవాళ్లకి. నాకు రెండొందల లైన్ల ఎర్రర్ కనబడగానే టెన్షన్. తుడవడం ఒక్కటే నా చేతిలో ఉన్న పని.

పెద్దహెచ్_బాధితుడు:
బ్రో, కిందనుంచి చదవకండి. పైకి వెళ్లి మొట్టమొదటి ఎర్రర్ ఒక్కటే చూడండి. కిందవి చాలావరకు దాని పిల్లలే.

రాత్రిబిల్డ్:
అప్‌డేట్. ఇవాళ మళ్లీ వచ్చింది. ఈసారి చేతులు కట్టుకుని పేరు చదివా. ఆ ప్యాకేజీ మా ప్యాకేజ్.జేసన్‌లో లేనే లేదు! వేరే ప్యాకేజీ తన కోసం తెచ్చుకున్నదాన్ని మేం ఊరికే వాడుకుంటున్నాం. పోయినవారం లాక్ ఫైలు లేపేశాం కదా, పై ప్యాకేజీ కొత్త వెర్షన్ దిగింది, అది దీన్ని వదిలేసింది. జాబితాలో ఒక్క లైను చేరిస్తే బిల్డ్ అయిపోయింది. సీనియర్‌కి చూపిస్తే కాసేపు చూసి, "సరే, లాక్ ఫైలు జోలికి పోవద్దు" అన్నారు.

పాతకీబోర్డు:
మంచిది. ఫోల్డర్ మాత్రం నేను తుడుస్తూనే ఉంటా.